ప్రాజెక్టు అంటే పాత రికార్డేనా?

సంపాదకులకు నమస్కారం.

వృత్తివిద్యా కోర్సుల్లో ఆఖరి ఏడాది ప్రాజెక్టు చాలాచోట్ల తంతుగా మారింది. సీనియర్ల రికార్డు తెచ్చి, అట్ట మార్చి, బైండింగ్ చేయించి ఇస్తే మార్కులు పడిపోతున్నాయి. సొంతంగా ఏదైనా చేస్తానన్న విద్యార్థికి మాత్రం ‘ఎందుకొచ్చిన రిస్కు, పాసైతే చాలు’ అన్న సలహా దొరుకుతోంది. చూస్తుంటే బాధేస్తోంది.

లూయీ బ్రెయిలీ 1824లో, 15 ఏళ్ల వయసులో, పారిస్‌లోని అంధుల పాఠశాలలో చదువుకుంటూనే చార్లెస్ బార్బియే రూపొందించిన, వేళ్లతో తడిమి చదివే 12 ఉబ్బెత్తు చుక్కల రాత పద్ధతిని 6 చుక్కలకు కుదించాడు. ఒక్కో అక్షరం వేలికొన కింద ఒక్కసారే ఇమడాలన్నది అతని పట్టుదల. వయసు అడ్డు కాలేదు.

ఇప్పటి పిల్లల్లోనూ ఆ తపన ఉంది. వర్క్‌షాపులు సాయంత్రాలూ తెరిచి ఉంచాలి. నమూనా పనిచేయకపోయినా, ఎందుకు పనిచేయలేదో చెప్పగలిగితే మార్కులివ్వాలి. వైవాలో మొట్టమొదట ‘ఇందులో నీ ఆలోచన ఏది?’ అని అడగాలి.

— ఒక డిప్లొమా అధ్యాపకురాలు