బ్లాగును సొంత సైటుకు మార్చే ముందు

విశాఖపట్నం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. గూగుల్ వారి బ్లాగరు సేవలో, బ్లాగ్‌స్పాట్ చిరునామాతో ఉన్న నీ బ్లాగును సొంత సర్వరు (సైటును ఉంచే కంప్యూటరు) మీదికి మార్చుకోవాలనుకుంటున్నట్టు రాశావు. నేను ఆ పని ఇంతకుముందే చేసి ఉన్నాను గనుక ఏ హోస్టింగు (సర్వరును అద్దెకిచ్చే సేవ) మంచిదో, ఏ థీము (సైటు రూపం) బాగుంటుందో చెప్పమన్నావు. ఆ రెండూ నచ్చకపోతే వచ్చే నెలలో మార్చుకోగలిగినవే కాబట్టి వాటి సంగతి తర్వాత చూద్దాం. నువ్వు అడగని ప్రశ్న నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తోంది: ఇన్నేళ్ళుగా నీ టపాలకు (బ్లాగు వ్యాసాలకు) ఇతరులు ఇచ్చిన లంకెలు ఏం కావాలి? భీమిలిలోని డచ్చివారి సమాధుల గురించి నువ్వు రాసిన టపాను తెలుగు వికీపీడియాలో మూలంగా చూపారని నువ్వే ఒకసారి సంబరంగా చెప్పావు. ఆ లంకె నొక్కినవాడికి ఖాళీ పేజీ ఎదురైతే, నువ్వు ఎంత మంచి సర్వరు కొనుక్కున్నా అతని దృష్టిలో ఆ వ్యాసం లేనట్టే.

అందుచేత మొదట డొమైన్ పేరు, అంటే సైటుకు నీ సొంత చిరునామా, కొనుక్కో. సర్వరు మాట అప్పుడే ఎత్తకు. బ్లాగరు సెట్టింగుల్లో ఆ పేరును పెట్టుకుంటే బ్లాగు గూగుల్ దగ్గరే ఉంటుంది గానీ చిరునామా మాత్రం నీదవుతుంది. పాత బ్లాగ్‌స్పాట్ చిరునామాకు వచ్చినవారిని బ్లాగరే కొత్త పేరుకు మళ్ళిస్తుంది. అలా కొన్ని నెలలు ఉండనివ్వు. శోధన యంత్రాలు కొత్త చిరునామాను నేర్చుకుంటాయి, పాఠకులు కూడా అలవాటుపడతారు, నువ్వు ఈలోగా వికీపీడియా వంటి చోట్ల లంకెలను తీరికగా సరిదిద్దుకోవచ్చు. సర్వరు మార్పు ఆ తర్వాతి సంగతి. రెండు పనులూ ఒకే రోజున పెట్టుకునేవారు ఎందుకు తొందరపడతారో నాకు అర్థం కాదు. బ్లాగరులో ఉండే దారిమళ్ళింపు సదుపాయం ఆ బ్లాగులోని పేజీల మధ్యనే పనిచేస్తుంది తప్ప బయటి సైటుకు పంపదు కాబట్టి, నేరుగా దూకినవారికి బ్లాగు మూసలో (టెంప్లేటులో) కోడు ఇరికించి కిందామీదా పడటమే మిగులుతుంది.

పేరు సొంతం కావడం ఎంత ముఖ్యమో మన దేశపు బ్లాగర్లకు వేరే చెప్పనక్కరలేదు. 2012 నుంచి 2018 దాకా భారతదేశంలో బ్లాగ్‌స్పాట్ బ్లాగు తెరిస్తే చిరునామా చివర డాట్ కామ్ పోయి డాట్ ఇన్ వచ్చేది. ఆ రోజుల్లో నీ పాఠకులు కాపీ చేసి ఎవరెవరికో పంపిన లంకెలన్నిటిలో అదే ఉంటుంది. ఆ బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అనే పేరు 2020లో గూగుల్ చేతిలోంచి జారి వేరొకరి పరమైంది. డాట్ కామ్ లంకెలు నిక్షేపంగా పనిచేస్తున్నా, ఆ డాట్ ఇన్ లంకెలను ఇక నువ్వూ నేనూ బాగుచేయలేము. అంత సంస్థకే అలా జరిగింది గనుక నీ డొమైన్‌ను ఒక్కసారే ఎక్కువ ఏళ్ళకు తీసుకో (పదేళ్ళ వరకు ఇస్తారు), దానంతటదే పునరుద్ధరణ అయ్యేలా కూడా పెట్టుకో.

ఇక టపాల చిరునామాల విషయంలో తెలుగులో రాసేవారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బ్లాగరు చిరునామాలోకి తెలుగు అక్షరాలను తీసుకోదు. అందుకే నీ టపాల్లో చాలావాటి చిరునామా బ్లాగ్-పోస్ట్ అనే మాటకు ఏదో ఒక అంకె తగిలించినట్టుగా ఉంటుంది. చూడటానికి బాగుండదు, నిజమే, కానీ లోకానికి తెలిసిన చిరునామా అదే కాబట్టి దానిని అందంగా దిద్దాలని చూడవద్దు. సొంత సర్వరు మీద నువ్వు పెట్టుకోబోయే బ్లాగు సాఫ్ట్‌వేరు వర్డ్‌ప్రెస్‌లో శాశ్వత లంకెల (టపాల చిరునామాల) రూపాన్ని సంవత్సరం, నెల, టపా పేరు, చివర డాట్ హెచ్‌టీఎమ్ఎల్ అని పెట్టుకుంటే పాత రూపమే యథాతథంగా వస్తుంది. టపాలను వర్డ్‌ప్రెస్‌లోకి దిగుమతి చేసుకోవడం పూర్తయ్యాక ప్రతి టపా స్లగ్గూ (అంటే చిరునామాలో ఆ టపాకు ఉండే పేరు) పాతదానితో సరిపోయిందో లేదో చూసుకోవాలి. ఫోనులో చదివేవారు పంపే బ్లాగరు లంకెల చివర ప్రశ్నార్థకం, ఎమ్ అనే అక్షరం, ఒకటి అంకె కలిసి ఒక తోక ఉంటుంది. వర్డ్‌ప్రెస్ ఆ ఎమ్‌ను తేదీకి సంబంధించినదిగా తీసుకుంటుంది కనుక పేజీ దొరకలేదనే అవకాశం ఉంది. సర్వరు స్థాయిలోనే ఆ తోకను కత్తిరించే నియమం ఒకటి రాయించుకో.

వర్డ్‌ప్రెస్ తెలుగు అక్షరాలను తీసుకుంటుంది గదా అని కొత్త టపాలకు నిడుపాటి తెలుగు స్లగ్గులు పెట్టబోకు. అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతిలో విశాఖపట్నం అనే మాటకు పది సంకేతాలు కావాలి. వాటిని కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 రూపంలో ఒక్కొక్కటి 3 బైట్లు, చిరునామాలోకి వచ్చేసరికి ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిసి 3 అక్షరాలు, వెరసి ఆ ఒక్క మాటకే 90 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ స్లగ్గుకు ఇచ్చే చోటు 200 మాత్రమే కావడంతో శీర్షిక సగంలో తెగిపోతుంది. మిగిలినది కూడా వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల వరదగా కనిపిస్తుంది. రెండు మూడు ఇంగ్లీషు మాటలతో పొట్టి స్లగ్గు పెట్టడం మనసుకు కొంచెం కష్టమే అయినా నేను అదే చేస్తున్నాను.

బ్లాగరు ఇచ్చే ఎగుమతి ఫైలులో టపాలూ వ్యాఖ్యలూ ఉంటాయి గానీ బొమ్మలు ఉండవు, వాటి లంకెలే ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన మర్నాడు నువ్వు బీచ్ రోడ్డులో తీసిన ఫోటోలు ఇప్పటికీ గూగుల్ సర్వర్లలోనే ఉన్నాయన్నమాట. వాటిని దింపుకునేటప్పుడు బొమ్మ చిరునామా మధ్యలో ఎస్ అనే అక్షరం పక్కనున్న అంకె చూడు. 320 ఉంటే అది చిన్న నమూనా, 1600 ఉంటే పెద్దది. పెద్దవే తెచ్చుకో. వ్యాఖ్యల విషయంలో అశ్రద్ధ అసలే పనికిరాదు. నీ భీమిలి టపా కింద ఆ ఊరి పెద్దాయన రాసిన జ్ఞాపకాలు, నొచ్చుకోకు గానీ, నీ టపా కంటే విలువైనవి. గూగుల్ వారి సామాజిక మాధ్యమం గూగుల్ ప్లస్ 2019లో మూతపడినప్పుడు దాని ద్వారా బ్లాగరులో రాసిన వ్యాఖ్యలు దానితోపాటే పోయాయి. నీవి మామూలు బ్లాగరు వ్యాఖ్యలే కాబట్టి పేరు, తేదీ, మాటలు అన్నీ దిగుమతిలో వస్తాయి. పేజీలన్నిటినీ ముందే తయారుచేసి పెట్టే హ్యూగో వంటి స్థిర సైటు పరికరాలను నీకు సూచించకపోవడానికి కారణం ఇదే. అవి తేలికైనవి, హ్యాకర్ల బెడద తక్కువ, అయినా వ్యాఖ్యలకు అందులో వేరే ఏర్పాటు చూసుకోవాలి.

సొంత సర్వరంటే ఇంట్లో పెట్టుకునేదని అనుకోకు. మన ఊరి తుఫాన్లూ, కరెంటు కోతలూ నీకు తెలియనివి కావు. ముంబయిలోనో బెంగళూరులోనో నెలకు ఐదారు డాలర్లకు దొరికే చిన్న సర్వరు నీకు సరిపోతుంది. సైటుకూ పాఠకుడికీ మధ్య రాకపోకలను భద్రంగా ఉంచే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ధ్రువపత్రం ఉచితం. గడువు తీరేలోగా దానంతటదే మారేలా పెట్టించు. థీము ఏదైనా పరవాలేదు, వరుసల మధ్య ఎడం మాత్రం పెంచు, లేకపోతే కింది వత్తులు తర్వాతి వరుసలోని గుడులకు తగులుతాయి. ఫాంటు విషయంలో నా ఓటు ‘మండలి’ అనే తెలుగు ఫాంటుకు. గూగుల్ మన విశాఖలోనే 1500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించాక నువ్వు గూగుల్ నుంచి బయటికి వస్తానంటున్నావని ఇక్కడి మిత్రులు నవ్వుతున్నారులే.

ప్రస్తుతానికి బ్లాగరులో నీ డొమైన్ పెట్టుకుని, ఎగుమతి ఫైలును నాకు పంపు. ఏ టపాల స్లగ్గులు తేడా వస్తాయో చూసి, జాబితా తయారుచేసి పంపుతాను. డొమైన్ కొనే ముందు ఆ పేరేదో నాకూ ఒకసారి చెప్పు. పోయినసారి నువ్వు అనుకున్న పేరు ఫోనులో ఎవరికైనా చెబితే వారు సరిగ్గా టైపు చేయగలరన్న నమ్మకం నాకు లేదు.

ఇట్లు
నీ మిత్రుడు