వజ్రం దొరికినోళ్ళ ఇంటికి మళ్ళీ ఒకసారి పోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య మీ ఆదివారం పుస్తకంలో ఆనందం గురించి ఒక వ్యాసం వేసినారు. లాటరీ తగిలినోళ్ళు, యాక్సిడెంట్‌లో కాళ్ళు పడిపోయినోళ్ళు ఏడాది తిరిగేసరికి ఒకే మాదిరి సంతోషంగా ఉంటారని అమెరికావాళ్ళు తేల్చినారంట, కాబట్టి డబ్బు డబ్బు అని పాకులాడొద్దు, అంతా మనసులోనే ఉంది అని అందులో రాసినారు. ఇదే మాట వాట్సాప్‌లో చాన్నాళ్ళ నుంచి తిరుగుతాంది, ప్రవచనాల్లో కూడా విన్నా. మాది పత్తికొండ. తొలకరి పడితే చాలు మా పక్కన జొన్నగిరి, తుగ్గలి, పెరవలి చేన్లల్లో జనం సద్ది కట్టుకుని వచ్చి తలొంచుకుని వజ్రాలు వెతుక్కునే చోటు. అందుకే చదివి ఊరుకోలేక రాస్తున్నా.

ఆ స్టడీ ఉన్న మాట నిజమే, 1978లో బ్రిక్‌మన్ అనే ఆయన ఇంకో ఇద్దరితో కలిసి చేసినాడు. కానీ అందులో ఉండేది మీరు వేసిన మాట కాదు. లాటరీ తగిలినోళ్ళు 22 మంది, ఏ లాటరీ లేని మామూలోళ్ళు 22 మంది, యాక్సిడెంట్ అయ్యి పక్షవాతం వచ్చినోళ్ళు 29 మంది, వీళ్ళందరినీ ఇప్పుడు ఎంత సంతోషంగా ఉన్నారు అని అడిగి 5కి మార్కులు వేయించినారు. లాటరీవాళ్ళకి సగటున 4 వచ్చింది, మామూలోళ్ళకి 3.82, యాక్సిడెంట్ అయినోళ్ళకి 2.96. మూడుకి కిందుండే దాన్ని నాలుగుతో సమానం అని ఎట్లంటారు సార్? మనం భయపడినంత అధ్వాన్నంగా వాళ్ళు లేరు, సగానికి పైనే ఉన్నారు, అది మెచ్చుకోవాల్సిందే, కానీ సమానం మాత్రం కాదు. అసలు అందులో ఆశ్చర్యపోవాల్సింది లాటరీవాళ్ళని చూసి. మామూలోళ్ళకీ వాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు, పైగా టిఫిన్ తినడం, ఫ్రెండ్‌తో కబుర్లు, ఒక జోకు వినడం, ఇట్లాంటి వాటిల్లో వాళ్ళకొచ్చే సరదా మామూలోళ్ళ కంటే తగ్గిపోయింది. ఇది మాత్రం నేను నమ్ముతా. ఒక్కసారి లక్షల కట్ట చేతిలో పట్టుకున్నాక పొద్దున్నే ఉగ్గాని బజ్జి అంత కమ్మగా అనిపించకపోవచ్చు.

ఇంకో సంగతి, 22 మందిని అడిగి లోకం మొత్తానికి తీర్పు చెప్పడం కష్టం. స్వీడన్‌లో 3 వేలకు పైగా లాటరీ ఆడినోళ్ళని, డబ్బు తగిలిన ఐదేళ్ళకీ పదేళ్ళకీ ఇరవై ఏళ్ళకి కూడా అడిగి చూసిన స్టడీ ఒకటి 2020లో అచ్చయింది. పెద్ద మొత్తం తగిలినోళ్ళకి బతుకు మీద తృప్తి పెరిగింది, పదేళ్ళు దాటినా ఆ తృప్తి తగ్గలేదు, ముఖ్యంగా డబ్బుల గురించి బెంగ తగ్గడం వల్ల. రోజువారీ సంతోషం, మనసు నెమ్మది మాత్రం అంతగా పెరగలేదు. అంటే రెండూ ఒకటి కాదు అన్నమాట, ఈరోజు నవ్వుతూ ఉన్నావా అనేది ఒకటి, నీ బతుకు మొత్తం చూసుకుంటే ఎట్లుంది అనేది ఇంకొకటి. ప్రతి మార్చిలో మీరు హెడ్డింగ్ పెట్టి వేసే ప్రపంచ ఆనంద ర్యాంకులు కూడా రెండోదే, అక్కడ నవ్వుల లెక్క తీయరు, 0 నుంచి 10 దాకా మెట్లుండే నిచ్చెన ఊహించుకోమని నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావు అని అడుగుతారు. 2025లో 147 దేశాల్లో మనది 118, ఫిన్లాండ్ మొదటిది. మనోళ్ళు పండగలకి ఇంత గోల చేస్తారు, నవ్వుతారు, మనకి ఈ ర్యాంకేంది అని టీ అంగట్లో వాదించుకునేవాళ్ళకి ఎవరూ ఈ ముక్క చెప్పరు.

డబ్బుతో సంతోషం ఒక దగ్గర ఆగిపోతుంది అనేదానికి కూడా అందరూ చూపించేది 2010లో కానెమన్, డీటన్ అనే ఇద్దరు పరిశోధకులు తీసిన లెక్క, అది కూడా ఏడాదికి 75 వేల డాలర్లు దాటినాక మాట, అది కూడా రోజువారీ సంతోషం వరకే, నిచ్చెన మీద మెట్టు ఆపైన కూడా పెరుగుతూనే పోయింది. 2023లో ఆ కానెమనే వేరేవాళ్ళతో కలిసి మళ్ళీ చూసి, బాగా దిగులుగా ఉండే కొంతమందికి తప్ప మిగతా వాళ్ళకి సంతోషం అట్లా ఆగిపోదని ఒప్పుకున్నాడు. మా దిక్కు పంట పోతే ఇంటికి తాళమేసి పిల్లల్ని స్కూలు మాన్పించి గుంటూరు మిరప చేన్లకి సుగ్గికి పోతారు. వాళ్ళకి 75 వేల డాలర్ల అవతలి సంగతి ఎందుకు సార్? వాళ్ళ నెత్తిన ఉండేది వడ్డీ. ఆ వడ్డీ తీరితే ఎంత నెమ్మదో చెప్పడానికి మనస్తత్వ శాస్త్రం కూడా అక్కర్లేదు, రాత్రి నిద్ర పడుతుంది అంతే. వాళ్ళ ముందర నిలబడి ఆనందం మనసులోనే ఉంది నాయనా అని చెప్పడం నాకైతే మర్యాదగా అనిపించదు, చెప్పేవాళ్ళు ఎక్కువగా జీతం టైముకి పడేవాళ్ళే అని కూడా గమనించినా.

ఇప్పుడు అసలు అడగాల్సింది. ప్రతి ఏడాది జూన్‌లో ఫలానా ఊర్లో కూలికి వజ్రం, వ్యాపారి ఇన్ని లక్షలు, ఇన్ని తులాల బంగారం ఇచ్చినాడు, దశ తిరిగింది అని వేస్తారు. అక్కడితో కథ అయిపోతుంది. ఆ తర్వాత వాళ్ళు ఏమైనారు? అప్పు కట్టినారా, చేను కొన్నారా, పిల్లని చదివించినారా, లేక అన్నదమ్ములు కొట్లాడుకున్నారా, మళ్ళీ తొలకరికి అదే చేన్లో వచ్చి కూర్చున్నారా? మా ఊర్లో ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు, నిజం ఏదో తెలీదు. మీకు మండలానికొక విలేకరి ఉన్నాడు. నాలుగైదేళ్ళ కింద మీరే వేసిన వార్తలు తీసి ఆ ఇళ్ళకి పంపించండి, రోజు ఎట్లా గడుస్తాంది అనేది ఒకటి, బతుకు నిచ్చెనలో ఏ మెట్టు మీదున్నావు అనేది ఒకటి, రెండూ విడివిడిగా అడగమనండి. దొరకనోళ్ళని కూడా అడగాలి, పక్క చేన్లో అన్నే రోజులు కూర్చుని ఉత్త చేతుల్తో పోయినోళ్ళని, లేకపోతే పోల్చుకోడానికి ఏమీ ఉండదు. పేర్లు, ఫోటోలు మాత్రం వేయొద్దు సార్, మొదటిసారి పేరు వేసినందుకే చుట్టాలు చేబదులుకి ఎంతమంది వచ్చుంటారో.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పత్తికొండ, కర్నూలు జిల్లా