నా పని నాకు వదిలెయ్ నాన్నా

నాన్నా,

మొన్న నువ్వొచ్చి వెళ్ళాక ఇంట్లో నాకు పనే లేకుండా పోయింది. బిల్లులు వాటంతట అవే కట్టుకుంటున్నాయి. మొక్కలకు టైము ప్రకారం పైపు నీళ్ళు పోస్తోంది. కుట్టుమిషను అటకెక్కింది. "ఇక నీకే టెన్షనూ లేదమ్మా" అన్నావు. నిజమే, లేదు. ఇవాళ ఏ వారమో కూడా కేలండర్ చూస్తేగానీ తెలియడం లేదు.

ఈమధ్య ఎలుకల గురించి చదువుతున్నాను, నవ్వకు. అమెరికాలో కెల్లీ లాంబర్ట్ అనే శాస్త్రవేత్త కొన్ని ఎలుకలు గుట్టలు తవ్వితేనే తిండి దొరికేలా చేసింది. ఇంకొన్నిటికి అదే తిండి ఊరికే పెట్టింది. తర్వాత అన్నిటికీ ఒక బంతి ఇచ్చింది. లోపల తిండి ఉంది, బయటికి మాత్రం రాదు. కూర్చుని తిన్నవి తొందరగా వదిలేశాయి. తవ్వుకు తిన్నవి దాంతో చాలాసేపు కుస్తీ పట్టాయి. 2019లో ఈవిడే ఎలుకల చేత బుల్లి కార్లు నడిపించింది కూడా!

అంతకు ఎంతో ముందు, 1964లో, మేరియన్ డైమండ్ అనే ఇంకో శాస్త్రవేత్త బృందం ఇంకోటి చూపించింది. ఆటసామానూ తోడూ ఉన్న ఎలుకల మెదడు పైపొర, ఒంటరిగా ఖాళీ బోనులో ఉన్నవాటికన్నా మందంగా ఉందట. తర్వాత ముసలి ఎలుకల్లోనూ అదే తేలింది. ఆ వాక్యం మీ నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను.

మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంటుంది కదా, అదంటే సంతోషమే అనుకునేదాన్ని. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల్లో చూసింది వేరు. అనుకోనిది దొరికితే డోపమిన్ విడుదల చేసే మెదడు కణాలు ఒక్కసారిగా ఉరకలేస్తాయి. వస్తుందని ముందే తెలిసింది చేతికొస్తే పెద్దగా చలించవు. రెండుసార్లు ఊడదీసిన కాలరు మూడోసారి చక్కగా కూర్చున్నప్పుడు నాకు కలిగేది అదే కాబోలు. ఆ రోజంతా ఫోన్ నంబర్లు కూడా చూడకుండా చెప్పేస్తాను.

ఎలుకకు జరిగిందల్లా నాకూ జరుగుతుందని కాదు, కాలరు కుడితే మతిమరుపు రాదనీ కాదు. ఊరికే కూర్చుంటే నేను మందగిస్తున్నాను, అది నాకు తెలుస్తోంది.

బిల్లులు నువ్వే చూసుకో, వాటి మీద నాకేం మోజు లేదు. పైపు తీసెయ్. మిషను దించడానికి వచ్చే ఆదివారం వస్తావా? బాబిన్ల డబ్బా ఎక్కడ పెట్టావో కూడా చెప్పు.

వద్దులే, చెప్పకు. నేనే వెతుక్కుంటాను.

అమ్మ