2025–26 వార్షిక నివేదిక: మన టెలిస్కోపు కంప్యూటర్లు మారిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు అనంతపురంలో మన సంఘం చేసిన పనులను ఈ సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. నెలనెలా ఆకాశ పరిశీలన, బడుల్లో ప్రదర్శనలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. ఈసారి ఎక్కువగా కంప్యూటర్ల గురించే రాస్తున్నాను. ఏడాదిలో మన శ్రమంతా అక్కడే పోయింది. పైగా అది బయటికి కనిపించే శ్రమ కాదు, ఎవరో ఒకరు చెప్పాలి.

సెప్టెంబర్ 7 రాత్రి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సంపూర్ణ చంద్రగ్రహణం. సభ్యుడొకరి మిద్దె మీద టెలిస్కోపు పెట్టి, కెమెరాకు చిక్కిన చంద్రుణ్ణి తెర మీద చూపిస్తున్నాం. 9 గంటల 57 నిమిషాలకు నీడ అంచు తాకింది. 11 దాటిన నిమిషానికి చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్ళి పాత రాగి చెంబు రంగుకు తిరిగాడు. సరిగ్గా అప్పుడే ల్యాప్‌టాప్ నీలం తెర చూపించి ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే విండోస్ 7 గుర్తు దగ్గరే తిరుగుతూ ఉండిపోయింది. అర్ధరాత్రి దాటాక 12:22కి సంపూర్ణ దశ ముగిసింది, మన ల్యాప్‌టాప్ మాత్రం తెరుచుకోలేదు. వచ్చినవాళ్ళు కళ్ళతోనే చూశారు, బైనాక్యులర్ ఉన్నవాళ్ళు పక్కవాళ్ళకిచ్చారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. మన రెండో ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14 ఆఖరి తేదీ. "పనిచేస్తోంది కదా, ఎందుకు కదిలించడం" అని కార్యవర్గంలో ఎన్నోసార్లు అనుకున్నాం. ఆ మాటకు నేనూ తలూపాను, అది తప్పు. గ్రహణం మళ్ళీ వస్తుంది గానీ, ఆ రాత్రి పిల్లల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చిన వాళ్ళకు మనం ఏం చెప్పగలం?

విండోస్ 11 ప్రతి కంప్యూటర్‌లోకీ ఎక్కదు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవే పనికొస్తాయి. మన రెండో ల్యాప్‌టాప్ ఏడో తరం, ఒక్క మెట్టు తక్కువ. షరతులు తప్పించి ఎక్కించే అడ్డదారులు ఉన్నాయని కొందరు చెప్పారు. పొలంలో చీకట్లో అది మొరాయిస్తే ఎవరిని అడుగుతాం? అందుకే వద్దనుకున్నాం. ఎనిమిదో తరం ల్యాప్‌టాప్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని విండోస్ 11తో సిద్ధం చేశాం. ఏడో తరం దాంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు లైనక్స్ వేసి, ఆకాశ పటం చూపే కేస్టార్స్, టెలిస్కోపును నడిపే ఇండి ఎక్కించాం. ఇళ్ళలో ఇంకా విండోస్ 10 వాడుతున్న సభ్యులకు ఒక మాట: అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా గడుస్తుంది. ఆలోపు ఏదో ఒకటి నిర్ణయించుకోండి.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం రెండు సాయంత్రాల పని. ఆకాశ పటం చూపే స్టెల్లేరియం, టెలిస్కోపుతో మాట్లాడే యాస్కామ్, గైడింగ్‌కు (అంటే నక్షత్రాన్ని తప్పిపోకుండా వెంబడించడానికి) పీహెచ్‌డీ 2, అన్నీ ఉచితమే, అన్నీ సాఫీగా దిగాయి. అసలు తలనొప్పి కేబుల్‌తో వచ్చింది. టెలిస్కోపును మోసి తిప్పే మౌంట్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉండే మన యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ పాతది. దాన్ని విండోస్ 11కు తగిలిస్తే డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, పక్కనే ఒక వాక్యం: ఈ పీఎల్2303 చిప్‌ను (కేబుల్‌ లోపల ఉండేది) 2012 నుంచే ఆపేశాం, అమ్మినవాళ్ళను అడగండి అని. చిప్ చెడిపోలేదు, కేబుల్‌ను విండోస్‌తో కలిపే కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఒప్పుకోవడం లేదంతే. అదే కేబుల్‌ను ఉబుంటుకు తగిలిస్తే వెంటనే పలికింది. అక్కడ మన యూజర్‌ను, సీరియల్ కేబుల్ వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చడమొక్కటే మిగిలిన పని. విండోస్ కోసం ఎఫ్‌టీడీఐ అనే వేరే కంపెనీ చిప్ ఉన్న కొత్త కేబుల్ తెప్పించాం. వారం పాటు నలుగురం తల పట్టుకున్న సమస్య ఒక్క కేబుల్‌తో తీరింది.

ఇంకో చిక్కు. కేబుల్‌ను ఒక్కోసారి ఒక్కో యూఎస్‌బీ రంధ్రంలో పెడితే కామ్ పోర్టు నంబరు (విండోస్ ఆ కేబుల్‌కు ఇచ్చే నంబరు) మారిపోవచ్చు, అప్పుడు, సాఫ్ట్‌వేర్ పాత నంబరునే వెతుకుతూ ఉంటుంది. మన సభ్యురాలు ఒకరు తన పర్సులోంచి ఎర్ర స్టిక్కర్ బొట్టు తీసి ఒక రంధ్రం పక్కన అంటించారు, ఇంకొకటి కేబుల్ మొదట్లో అంటించారు. బొట్టుకు బొట్టు, అంతే. ఆ రోజు నుంచి మౌంట్ ఒక్కసారి కూడా తప్పిపోలేదు. చీకట్లో టార్చి వెలుగులో కూడా కనిపిస్తుంది. దయచేసి ఎవరూ వాటిని పీకొద్దు.

జనవరిలో కూడేరు వైపు సభ్యుడొకరి పొలంలో, వేరుశనగ కళ్ళం మీద రిహార్సల్ పెట్టాం. గురుడు తూర్పున ధగధగమంటున్నాడు. స్టెల్లేరియం మాత్రం గురుడు అసలు ఆకాశంలోనే లేడని చూపిస్తోంది! అరగంట టెన్షన్ పడ్డాక తేలింది: కొత్తగా విండోస్ వేసినప్పుడు టైమ్ జోన్ అమెరికా పసిఫిక్ తీరానిదే ఉండిపోయింది. గడియారాన్ని మన టైముకు తిప్పాం గానీ జోన్ చూసుకోలేదు. పదమూడున్నర గంటల తేడా వచ్చింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ మూతకు లోపల కాగితం అతికించాం: టైమ్ జోన్, అనంతపురం అక్షాంశ రేఖాంశాలు, అప్‌డేట్లు పాజ్ చేశామా, స్లీప్ మోడ్ ఆపామా. పొలానికి బయలుదేరేముందు అది చదవనిదే బ్యాగు సర్దకూడదు. తెల్లవారుజామున ఉగ్గాని, బజ్జీలు వేడివేడిగా పంపిన ఆ ఇంటి అమ్మకు సంఘం తరపున నమస్కారాలు.

పాత పరిశీలన డైరీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన మొదటి కార్యదర్శి గారు ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో (ఆ ఫాంట్లు ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగుగా కనిపించే పాత పద్ధతి) టైప్ చేసి పెట్టినవి. కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని అక్షరాలు, గుర్తులు. ఒక పూట నాకు గుండె జారిపోయింది. డీటీపీ పని చేసే మన సభ్యుడు తన షాపు మూసేశాక రాత్రుళ్ళు కూర్చుని మొత్తం, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చారు. ఒత్తులు తప్పినచోట ఒక్కొక్కటీ చేత్తో దిద్దారు. పైసా తీసుకోలేదు. ఆ డైరీలు పోయి ఉంటే మన సంఘం జ్ఞాపకమే పోయేది.

సంక్రాంతి సెలవులయ్యాక హాస్టల్ పిల్లలకు పెట్టిన గురుగ్రహ రాత్రి ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన కార్యక్రమం. జనవరి 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు కాబట్టి ఆ నెలంతా పెద్దగా, ప్రకాశంగా ఉన్నాడు. తెల్ల పంచె కట్టిన గోడ మీద పట్టీలతో సహా గురుడు, పక్కన చుక్కల్లా నాలుగు ఉపగ్రహాలు. 1610 జనవరిలో గెలీలియో చూసినవి ఇవేనని చెప్పాం. గంట గడిచేసరికి ఒక చుక్క గురుడికి బాగా దగ్గరికి జరిగింది. ఏడో తరగతి పాప ఒకటి తన నోటుబుక్కులో రెండుసార్లు బొమ్మ గీసుకుని, "సార్, ఇది జరిగింది" అని నా చేయి పట్టి లాగి చూపించింది. మేం చెప్పకముందే కనిపెట్టింది. రెండు ల్యాప్‌టాప్‌లూ మూడు గంటలు ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ రాత్రి మైదానం పక్కనున్న హైమాస్ట్ లైటు ఆర్పమని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. రసీదు తప్ప జవాబు రాలేదు. చివరికి హాస్టల్ వార్డెన్ గారే తమ లైట్లన్నీ ఆర్పించి, గోడ నీడలో చోటు చూపించారు. వారికి కృతజ్ఞతలు. నవంబర్‌లో పెట్టిన సాఫ్ట్‌వేర్ శిక్షణకు పద్నాలుగు మంది పేర్లిచ్చారు, ముగ్గురు వచ్చారు. నాకు బాధగా ఉంది, దాచుకోను. ప్రతిసారీ ఆ ముగ్గురే టెలిస్కోపు మోయడం, ఆ ముగ్గురే కేబుళ్ళు చుట్టడం న్యాయం కాదు. వాళ్ళ పేర్లు సభలో చదువుతాను, నిలబడి చప్పట్లు కొట్టాలని కోరుతున్నాను.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పత్రం విడిగా ఇచ్చాం. ల్యాప్‌టాప్, కేబుల్ ఖర్చు పోను కొద్దిపాటి నిల్వ ఉంది. చందా బాకీలున్నవారు కోశాధికారి గారిని కలవండి.

పాత విండోస్ 7 ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కును తీసి భద్రంగా ఉంచాం, బీరువా తాళం చెవి నా దగ్గరుంది. వచ్చే శిక్షణ ఈ నెల ఆఖరి ఆదివారం ఉదయం పది గంటలకు. పెన్ డ్రైవ్ తెచ్చుకోండి, సాఫ్ట్‌వేర్లన్నీ కాపీ చేసి ఇస్తాం.

ఇట్లు,
కార్యదర్శి