కూలిన పైలట్ కోసం వెళ్లే హెలికాప్టర్ ఎవరి మాట వినాలి?

సంపాదకులకు,

శత్రువు గడ్డపై దిగిన పైలట్‌ను వెనక్కి తెచ్చే హెలికాప్టర్ల ప్రస్తావన వస్తే, చర్చ ‘ఏది కొనాలి’ దగ్గరే ఆగిపోతోంది. హకీంపేటలో హెలికాప్టర్ పైలట్లు తయారయ్యే, ఆదిభట్లలో సి-130జె రవాణా విమానం తోక భాగాలు తయారయ్యే మన హైదరాబాద్‌లోనైనా ‘ఎవరి ఆజ్ఞ మీద ఎగరాలి’ అని ముందు అడగాలి.

1999 మే 27న కార్గిల్‌లో మన పైలట్ నచికేత మిగ్-27 నుంచి దూకాక, ఆయన జాడ కోసం తోటి పైలట్ అజయ్ అహుజా మిగ్-21తో అక్కడే ఆగి క్షిపణికి బలయ్యారు. అంత వేగంగా పోయే జెట్‌తో, అదీ ఒంటరిగా, చేయాల్సిన పని కాదది. అమెరికన్లు దీనికి వియత్నాంలో స్కైరైడర్లను, తర్వాత ఏ-10లను పెట్టారు. ‘శాండీ’ అని పిలుస్తారు. తక్కువ ఎత్తులో, నెమ్మదిగా, చాలాసేపు తిరగగల విమానాలవి. మొదటి శాండీ సరే అనేదాకా హెలికాప్టర్ లోపలికి రాదు. కిందున్నది మన మనిషేనా అని తేల్చేదీ అతనే. పైలట్ ముందే రాసిచ్చిన నాలుగంకెల సంఖ్యను నేరుగా అడగడు, ‘మొదటి, మూడో అంకెలు కలిపితే ఎంత?’ అంటాడు. రేడియో వింటున్న శత్రువుకు అసలు సంఖ్య దొరకదు.

మన కొండల్లో ఆ శాండీ పని మన పోరాట హెలికాప్టర్ ప్రచండ్ చేయగలదు. 5,000 మీటర్ల ఎత్తులో దిగి లేవగలదు, వేగం మనుషుల్ని మోసే ఎంఐ-17 హెలికాప్టర్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి జతగా వెళ్లొచ్చు. చినూక్ అనే పెద్ద హెలికాప్టర్ బరువు బాగా మోస్తుంది గానీ దాని రెక్కల గాలి దుమ్మునూ రాళ్లనూ లేపుతుంది, విశాలమైన చోటు కావాలి. ఇంధనమే అసలు చిక్కు. మన హెలికాప్టర్లకు గాలిలో ఇంధనం తీసుకునే గొట్టం లేదు. గాలిలో ఇంధనం నింపే ఐఎల్-78 ట్యాంకర్ విమానమేమో వాటికి మరీ వేగం ఎక్కువ. అంటే సైన్యం పట్టులో ఉన్న నేల మీద దిగి నింపుకోవాల్సిందే. వైమానిక దళం ఒక్కటే నడిపే వ్యవహారం కాదిది.

2019 ఫిబ్రవరి 27న బుద్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17ను కూల్చింది. అందులోని ఆరుగురు, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. అది పైలట్‌ను కాపాడే పని మీద వెళ్లినది కాదు, కానీ ఆ పని మీద వెళ్లేదానికీ ఇదే ముప్పు. తిరిగొచ్చేది సరిహద్దు అవతల నుంచి, తక్కువ ఎత్తులో, తరచూ చీకట్లో. రాడార్ ముందు కూర్చున్నవారికి అనుమానం రావడం సహజం.

అమెరికాలో 2003లో పైలట్లను కాపాడే ఈ దళాలను ప్రత్యేక దళాల కమాండ్‌కు ఇచ్చి, 2006లో వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది ఎంచుకున్న చినూక్ తరహా హెలికాప్టర్ పథకం 2009లో రద్దయింది. ఒక్కో ప్రాంతంలో మూడు దళాలనూ ఒకే అధికారి కిందికి తెచ్చే థియేటర్ కమాండ్‌లపై కసరత్తు జరుగుతున్న మన దేశంలో ఆ తిప్పలు వద్దు. గగనతల రక్షణను నడిపే గదిలోనే పైలట్లను కాపాడే విభాగం కూర్చోవాలి, పక్కన సైన్యం అధికారి ఉండాలి. ఫలానా దారిలో, ఫలానా గంటల మధ్య క్షిపణులు ఆపమని చెప్పే అధికారం ఆ విభాగానికే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఘటనా స్థలంలో ‘రండి’, ‘వెనక్కి తిరగండి’ అనే మాట మాత్రం ముందు ఎగిరే ప్రచండ్ పైలట్‌దే కావాలి.

ఇట్లు
ఒక పాఠకుడు, సికింద్రాబాద్