ఏప్రిల్ 6 బాంబులు: కాకినాడ ఊసేదీ?

అయ్యా,

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, విశాఖపై పడిన జపాన్ బాంబుల గురించి ఏప్రిల్ 6న మీరు వేసిన ప్రత్యేక కథనం చూశాను. ఏటా ఆ తేదీకి అదే కథనం, అవే తప్పులు. ఈసారి పక్కన అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ ఫొటో కూడా చేర్చారు. పెర్ల్ హార్బర్‌ను కొట్టిన జపాన్ అడ్మిరల్ నగుమో దళమే విశాఖకు వచ్చిందట! రాసినాయన ఒక్కసారి అట్లాసు తెరిస్తే సరిపోయేది. 1942 ఏప్రిల్ 5న కొలంబోపై దాడి చేసి, డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే బ్రిటిష్ క్రూయిజర్లను (వేగంగా పోయే యుద్ధనౌకలను) ముంచిన నగుమో మర్నాడు సింహళానికి ఆగ్నేయంగా నడిసముద్రంలో ఉన్నాడు. అక్కణ్ణుంచి విశాఖ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. పెర్ల్ హార్బర్ మీదికి విమానాలు లేపింది సుమారు 230 నాటికల్ మైళ్ల నుంచి, అంటే 425 కిలోమీటర్లు. దానికి రెట్టింపు పైగా బాంబులు మోసుకెళ్లి మళ్లీ వచ్చి ఓడ మీద వాలడం ఆ విమానాల తరమా?

మన తీరానికి వచ్చింది మరో జపాన్ అడ్మిరల్ ఒజావా దళం. ఏప్రిల్ 1న బర్మాలోని మెర్గుయి నుంచి బయల్దేరింది. రియూజో అనే చిన్న విమానవాహక నౌక, చోకాయ్, కుమానో, సుజుయా, మికుమా, మొగామి అనే అయిదు భారీ క్రూయిజర్లు, యురా అనే తేలిక క్రూయిజరు, కొన్ని డిస్ట్రాయర్లు (చిన్న యుద్ధనౌకలు). 6న రియూజో విమానాలు విశాఖపైనా, కాకినాడపైనా బాంబులు వేశాయి. కాకినాడ పేరు మీ కథనంలో వెతికినా దొరకదు. బాంబు పడినా మా ఊరికి వార్త లేదన్నమాట.

రేవుల్లో జరిగిన నష్టం కన్నా సముద్రంలో జరిగింది ఘోరం. ఒజావా తన దళాన్ని మూడు ముక్కలు చేసి బంగాళాఖాతంలో వేటకు వదిలాడు. కొద్ది రోజుల్లో 23 సరుకు నౌకలు, సుమారు 1,12,000 టన్నులు మునిగిపోయాయి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. దాడి భయంతో కలకత్తా రేవు ఖాళీ చేయించి, కాపలా ఓడ ఒక్కటీ తోడివ్వకుండా నౌకల్ని తీరం వెంట దక్షిణానికి తోలేశారు. బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ నౌకాదళం చూపంతా సింహళం దక్షిణాన ఉంది, బంగాళాఖాతానికి దిక్కు లేదు. సరుకు నౌక నడక 10 నాట్లు (గంటకు 10 నాటికల్ మైళ్లు), క్రూయిజరుది 35. దానికి పది 8 అంగుళాల ఫిరంగులు, ఒక్కో గుండు 125 కిలోల లెక్కన. సరుకు నౌకలకు ఉంటే గింటే వెనకవైపు ఒక పాత ఫిరంగి. బాయిలర్లలో బొగ్గు వేసే ఖలాసీలు చాలా నౌకల్లో మనవాళ్లే. వాళ్ల గురించి ఒక్క వాక్యం రాయడానికి మీకు చోటు లేకపోయింది, సగం పేజీ మాత్రం ‘ఆంధ్ర తీరంలో సేనలు దింపాలన్న కుట్ర’కు దొరికింది. ఆ దళం వెంట సేనల్ని మోసే ఓడే లేదండీ! సింహళంపై దిగుదామని జపాన్ నౌకాదళం అడిగినా సైన్యం మనుషుల్ని ఇవ్వలేదు. అప్పటికి మార్చి 23 నుంచి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ వాళ్ల చేతిలోనే ఉంది. రంగూన్‌కు సముద్రమార్గం భద్రం చేసుకోవడం, మన నౌకా రవాణాను తెంచడం, అంతే వాళ్ల పని. ఆ సంగతి తెలియక మద్రాసు ప్రభుత్వం హడలిపోయి ఆఫీసుల్ని లోపలి ఊళ్లకు తరలించింది, జూలోని క్రూరమృగాలను కాల్చేసింది. అధికారుల తెలివి అప్పుడూ ఇంతే.

ఇప్పటి అధికారులేమో తీరంలో మిగిలిన ఆనాటి పిల్‌బాక్సులను (తుపాకులు పేల్చే కంతలున్న కాంక్రీటు కాపలా గదులను) ‘సుందరీకరిస్తాం’ అంటున్నారని మీరే రాశారు. ఉప్పుగాలికి కాంక్రీటులో క్లోరైడు దిగి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పైపొరను చీలుస్తుంది. దానిపై సిమెంటు పూసి రంగేస్తే ఉప్పూ తడీ లోపలే ఉండిపోయి, పెచ్చులు ఇంకా పెద్దవిగా ఊడతాయి. వదులైన కాంక్రీటు గోకి, కడ్డీ మెరిసేదాకా తుప్పు తీసి, మంచినీటితో ఉప్పు కడిగి, ఆ తర్వాత అతుకు వేయాలి. ఇంత పని ఏ టెండరులోనూ కనిపించదు. రంగు డబ్బాల బిల్లు మాత్రం వెంటనే పాసవుతుంది.

— ఒక పాఠకుడు, కాకినాడ