చేమ కుటుంబ మొక్కల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో ముందుగా చెప్పుకోవాల్సింది పేరు చీటీల పని. కిందటి వార్షిక సమావేశంలో ఒక సభ్యురాలు తన కుండీ చూపించి, "ఇది చేమా, అలోకేషియానా? తలో మాటా చెబుతున్నారు" అని అడిగారు. అలోకేషియా చేమకు దగ్గరి చుట్టం, ఆకు కూడా అలాగే ఉంటుంది. అప్పుడు మనలో ఎవరం గట్టిగా జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఈసారి నెలవారీ సమావేశాల్లో సగం సమయం కుండీలు ముందు పెట్టుకుని పేర్లు సరిచూసుకోవడానికే ఇచ్చాం.

చేమలో కాడ ఆకు అంచున కాకుండా కాస్త లోపలగా, అడుగువైపు అతుక్కుంటుంది. ఆకు కొన కిందికి వాలుతుంది. పెద్దాకుల అలోకేషియాల్లో కొన పైకి నిక్కి ఉంటుంది. అయితే ఇళ్లలో ఎక్కువగా పెంచే చిన్న అలోకేషియా 'పాలీ' ఆకు కూడా చేమలాగే వాలుతుంది కాబట్టి ఈ ఒక్క గుర్తునే నమ్ముకోవద్దు. మనీప్లాంటు, ఫిలోడెండ్రాన్ తేడా ఇంతకంటే తేలిక. ఫిలోడెండ్రాన్ కొత్త ఆకు తనకంటూ ఒక పల్చటి పొరలో చుట్టుకుని వస్తుంది, తర్వాత ఆ పొర ఎండి రాలిపోతుంది. మనీప్లాంటు కొత్త ఆకు పాత ఆకు కాడ గాడిలోంచి విప్పుకుంటుంది. ఈ ఒక్క గుర్తుతోనే చాలా చీటీలు మార్చాల్సి వచ్చింది.

సభ్యులు బాగా ఆసక్తి చూపింది కూడా మనీప్లాంటు మీదే. దాని పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని మోరేయా దీవి. అది దాదాపుగా పూయదు. పూతకు కావాల్సిన జిబ్బరెల్లిన్ హార్మోనును తయారుచేసే జన్యువు సరిగా పనిచేయకపోవడమే కారణమని 2016లో తేలింది. అంటే మన ఇళ్లలో ఉన్న తీగలన్నీ ముక్కల నుంచి ముక్కలుగా వచ్చినవే.

కుటుంబం హద్దులు కూడా మారాయి. వసను ఒకప్పుడు ఇందులోనే చేర్చేవారు, ఇప్పుడు విడిగా పెట్టారు. నీటి మీద పచ్చటి నూకలా తేలే వుల్ఫియా మాత్రం లోపలికి వచ్చింది. పూలు పూసే మొక్కలన్నిటిలోకీ చిన్నది అదే. 1878లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త బెక్కారి సుమత్రాలో చూసిన, మనిషి ఎత్తును మించి పూసే టైటాన్ ఆరమ్ కూడా దాని చుట్టమే.

ఇక కంద పువ్వు సంగతి. ఒక సభ్యుడి పెరట్లో కంద మొగ్గ వేసిందని తెలిసి, విచ్చుకున్న సాయంత్రం వీలైనవాళ్లం వెళ్లాం. ఆకు లేదు, కాడ లేదు. నేలలోంచి నేరుగా ఊదారంగు తొడుగు, దాని మధ్యలో ముడతలు పడిన పెద్ద బుడిపె. మనం పువ్వు అనుకునేది ఒక్క పువ్వు కాదు. తొడుగు లోపల కంకి కింది భాగంలో ఆడపూలు, వాటి పైన మగపూలు వందల్లో ఉంటాయి. చీకటి పడేసరికి కుళ్లు మాంసం వాసన గుప్పుమంది. బుడిపె దగ్గర చేయి పెడితే వెచ్చగా తగిలింది. ఆ వేడే వాసనను దూరానికి మోసుకెళ్లి పురుగుల్ని పిలుస్తుంది. ఈ కుటుంబపు పూలు వేడెక్కుతాయని ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లామార్క్ 1778లోనే రాశారు. మొదటి రోజు ఆడపూలు సిద్ధంగా ఉంటాయి, పుప్పొడి మరుసటి రోజు గానీ రాలదు. అందువల్ల తన పుప్పొడి తనకే అందదు. ఇంకో సభ్యురాలి కంద పూస్తే దానికి అద్దుదామని మేం ఆ పుప్పొడిని పొట్లం కట్టి ఫ్రిజ్‌లో దాచాం కానీ, ఆ కంద ఈసారి పూయకుండా ఆకు వేసింది. అంతమందిమి అంతసేపు మాటాడకుండా నిలబడి చూసిన సమావేశం నాకు గుర్తున్నంతలో ఇంకోటి లేదు.

ఒక నష్టం కూడా చెప్పాలి. గులాబీరంగు ఆకుల ఫిలోడెండ్రాన్ అని సంఘం తరఫున ఒక అమ్మకందారు దగ్గర కొన్నాం. కొన్ని నెలల్లోనే కొత్త ఆకులన్నీ పచ్చగా వచ్చాయి. ఆ రంగు రసాయనంతో తెప్పించింది, మొక్కది కాదు. కొనేముందు కొత్తగా విచ్చుకుంటున్న ఆకును, కాండం మీద చారలను చూసి ఉండాల్సింది. ఆ బాధ్యత కమిటీదే.

ముక్కల పంపకం బాగా సాగింది. మాన్‌స్టెరా ఆకును కణుపు లేకుండా కోసి తెచ్చినవాళ్లు మళ్లీ నిరాశపడ్డారు. వేరు వచ్చినా అందులోంచి చిగురు రాదు. జడ్‌జడ్ ప్లాంటుది వేరే దారి. దాని చిన్న రెమ్మాకు అడుగున కూడా దుంప కడుతుంది, నెలలు పట్టినా ఓపిక పట్టండి.

కోసేటప్పుడు చేతికి గ్లౌజులు తప్పనిసరి. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఈ రసంలోని కాల్షియం ఆక్సలేట్ సూదులు మన చర్మానికీ నాలుకకూ బాగానే గుచ్చుకుంటాయి. ఇంట్లో పాకే పిల్లలుంటే డైఫెన్‌బేకియా కుండీని ఎత్తులో పెట్టండి.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. వచ్చే ఏడాది ఆంథూరియంలతో మొదలుపెడదాం. చీటీ లేని మొక్క తెచ్చేవాళ్లు ఆకు ఒక్కటే కాకుండా కాడ మొదలు వరకూ కనిపించే ఫోటో కూడా తీసుకురండి. ఎవరి పెరట్లో కంద మొగ్గ కనిపించినా ఆ రోజే కబురు పెట్టండి, పొట్లం ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది.

— కార్యదర్శి